గడ్డిరంగు నుంచి నీలం దాకా

అరిగిపోయిన ఆకురాయిని పాత సామాన్ల బండికి వేసేయకండి పిల్లలూ. తూకానికి వేస్తే చాయ్ డబ్బులు కూడా రావు. దాన్నే తీసుకుని రెండు సాయంత్రాలు ఓపిగ్గా కూర్చుంటే మంచి సెంటర్ పంచ్ అవుతుంది. ఇంట్లో ఇనుపపని చేసేవాళ్లకు సెంటర్ పంచ్ ఎంత అవసరమో వేరే చెప్పాలా? రేకు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి డ్రిల్ ఆనించారంటే బిట్ జారి గీతలు గీసుకుంటూ ఎటో పోతుంది. పంచ్‌తో ముందు చిన్న గుంట కొడితే బిట్ మొన కదలకుండా అందులో కూర్చుంటుంది. రాణిగంజ్ బజారుకు వెళ్తే పంచ్ తక్కువ ధరకే దొరుకుతుంది, నిజమే. కానీ ఉక్కు ఎప్పుడు మెత్తబడుతుందో, ఎప్పుడు గట్టిపడుతుందో, ఎప్పుడు పెళుసెక్కుతుందో తెలియాలంటే మాత్రం ఒక్క పంచ్ అయినా మన చేత్తో చేసుకోవాల్సిందే.

అమీర్‌పేటలో ఈ ఇనుము కబురేంటని అనుకోకండి. మైత్రీవనం చుట్టూ ఇవాళ జావా, పైథాన్ కోచింగ్ బోర్డులే కనిపిస్తాయి గానీ, ఈ పక్కనున్న సనత్‌నగర్, బాలానగర్ ఇనుముతో ఎదిగిన పేటలు. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ బీరువాలు చేసింది, ఫ్రిజ్‌లు చేసింది, వాచీలు చేసింది, మన నగరంలో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులకు బాడీలు కట్టింది. ఆ మరుసటి ఏడు సికింద్రాబాద్ కవాడిగూడలో ప్రాగా టూల్స్ మొదలైంది. బాలానగర్‌లో పనిముట్ల డిజైన్ నేర్పడానికి 1968లో సీఐటీడీ అనే సంస్థ వచ్చింది. వీటి చుట్టూ సందుసందుకీ లేత్ షాపులు వెలిశాయి. వాటిల్లో పనిచేసి రిటైరైన వాళ్లు ఎస్సార్ నగర్‌లో, బల్కంపేటలో ఇప్పటికీ ఉన్నారు. బాలానగర్‌లో టూల్‌రూమ్ పని చేసినవాణ్ణి, నేనూ వాళ్లలో ఒకణ్ణే. ఆ చేతులకు తెలిసిన సంగతులు మీ చేతుల్లోకి రావాలని నాకు గట్టి కోరిక.

ముందు మీ చేతిలో ఉన్న ఆకురాయి ఎలాంటి ఉక్కో తేల్చుకోవాలి. మంచి ఆకురాయిలో నూటికి ఒక వంతు, ఇంకాస్త ఎక్కువే, కర్బనం ఉంటుంది. కిటికీ గ్రిల్లుకు వాడే ఎమ్మెస్ రాడ్‌లో అందులో అయిదో వంతు కూడా ఉండదు. చవకరకం ఆకురాళ్లు కొన్ని లోపలంతా మామూలు ఇనుమే, పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటాయి. వాటితో పంచ్ చేస్తే మొదటి దెబ్బకే మొన వంగుతుంది. తేడా చెప్పేది నిప్పురవ్వ. పైన పళ్లను కొంచెం సాన పట్టేసి, ఆ లోపలి లోహాన్ని గ్రైండర్ చక్రానికి మెల్లగా ఆనించండి. మెత్తని ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, తిన్నగా, పసుపుపచ్చ గీతల్లా పోతాయి, చివర ఒకటీ అరా చీలికలు. కర్బనం ఎక్కువున్న ఉక్కైతే రవ్వ చక్రం దగ్గరే చిట్లి, చిట్లిన కొమ్మ మళ్లీ చిట్లి, చక్రం చుట్టూ పొదలా అల్లుకుంటుంది. రవ్వ అంటే గాలిలో మండుతున్న ఉక్కు నలుసు. అందులోని కర్బనం ఆక్సిజన్‌తో కలిసి వాయువై ఒక్కసారి బయటికి తన్నుకొస్తుంది, నలుసు పగులుతుంది. కర్బనం ఎంత ఎక్కువుంటే చిట్లడం అంత ఎక్కువ. ల్యాబు లేకుండా, రసాయనాలు లేకుండా లోహంలో ఏముందో కంటితో చదవడం ఇది. కళ్లద్దాలు పెట్టుకునే చదవాలి, సాధారణ కళ్లజోడు చాలదు, పక్కల నుంచి కూడా మూసేవి కావాలి.

ఉక్కు సరైనదని తేలాక దాన్ని మెత్తబరచాలి. ఆకురాయి ఎంత గట్టిదంటే దాన్ని ఇంకో ఆకురాయితో రాస్తే రెండూ జారిపోతాయి తప్ప పొడి రాలదు. డాబా మీదో, గాలి బాగా ఆడే బాల్కనీలోనో రెండు ఫైర్‌బ్రిక్స్‌ని ఎల్ ఆకారంలో పేర్చి, వాటి మూలలో ముక్క పెట్టి, గ్యాస్ టార్చ్‌తో నిండు ఎరుపు వచ్చేదాకా కాల్చండి. ఎరుపెక్కాక పట్టుకారుతో తీసి, పొడి బూడిదలోనో, నర్సరీలో కుండీలకు అమ్మే వర్మిక్యులైట్‌లోనో పూర్తిగా పూడ్చి మర్నాటిదాకా వదిలేయండి. అది ఎంత నిదానంగా చల్లబడితే అంత మెత్తబడుతుంది. అన్నట్టు, కాల్చే ముక్క మీద పూత ఉండకూడదు. జీఐ పైపు ముక్కల్లాంటివి అస్సలు కాల్చొద్దు. వాటి మీది జింక్ 907 డిగ్రీల దగ్గర మరిగి పొగవుతుంది, ఆ పొగ పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరం వస్తుంది.

ఈ కాల్చి చల్లార్చే పని మన నేల మీద ఎప్పటినుంచో ఉన్నదే. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. యూరప్ వాళ్లు వుట్జ్ అని పిలిచిన ఉక్కు అక్కడ చేసేవాళ్లు. గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయిసీ ఆ ఊరు వెళ్లి, కమ్మరుల పని దగ్గరుండి చూసి రాసుకున్నాడు. ఆయన పోయాక, 1832లో, ఆ వివరం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మట్టి మూసల్లో పెట్టి, మూత మెత్తి, కొలిమిలో రాత్రింబగళ్లు తిత్తులు ఊది కరిగించేవాళ్లు. అలా వచ్చిన ముద్దలో కర్బనం ఎంత ఎక్కువంటే నేరుగా సుత్తి వేస్తే పగిలిపోతుంది. అందుకని మట్టి పూసి గంటల తరబడి కాల్చడం, చల్లార్చడం, మళ్లీ కాల్చడం, ఇలా మూడు నాలుగు మార్లు చేసి, సుత్తి దెబ్బకు ఓర్చేంత మెత్తబరిచేవాళ్లు. ఆ ఉక్కు కొనుక్కోవడానికి ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి ఆ ఊళ్లోనే మకాం ఉండేవాళ్లు, తూకం దగ్గరా పని దగ్గరా నిలబడి చూసుకునేవాళ్లు. మీరు వర్మిక్యులైట్‌లో పూడ్చిన ముక్కలో జరిగేదీ అలా మెత్తబడే మార్పే.

మైకేల్ ఫారడే పేరు కరెంటు పాఠాల్లో వినే ఉంటారు. ఆయన తండ్రి కమ్మరి. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఫారడే 1819 ప్రాంతంలో మన వుట్జ్‌ను పరీక్షించి, అందులోని అల్యూమినా వల్లే దానికి ఆ గుణం వచ్చిందని అనుకున్నాడు. అసలు కారణం కర్బనం. ఫారడే అంతటివాడికి చిక్కనిది కోనసముద్రం కమ్మరుల చేతికి పట్టుబడింది. వాళ్లకు అణువుల సంగతి తెలియదు, కానీ ఏ ఎరుపులో తీయాలో, ఎంతసేపు చల్లార్చాలో తెలుసు. ఆ విద్యకు పేటెంట్లు లేవు, పాఠ్యపుస్తకాలు లేవు, చేసేవాళ్ల పేర్లు కూడా మనకు మిగల్లేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

సరే, మర్నాడు మెత్తబడిన ముక్కను బెంచ్ వైస్‌లో బిగించండి. ఇప్పుడు హ్యాక్‌సా దిగుతుంది, వేరే ఆకురాయి పొడి రాలుస్తుంది. పళ్లన్నిటినీ మొదలంటా తీసేయండి, ఒక్క గాడి కూడా మిగలకూడదు. గాడి అడుగున ఒత్తిడంతా ఒకచోట పోగవుతుంది. తర్వాత గట్టిపరచడానికి నూనెలో ముంచినప్పుడు, సుత్తితో కొట్టినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. ఒక కొసను మొన చేయండి. డ్రిల్ బిట్ కూర్చోవడానికైతే 90 డిగ్రీల కోణం బాగుంటుంది. పైకొస అంచులు గుండ్రంగా తీయండి.

ఇక అసలు పని, మొనను గట్టిపరచడం. దీనికి వేడి ఎంత కావాలో చెప్పే మీటరు మన దగ్గర లేదు. ఉన్నవి రెండే, కన్నూ అయస్కాంతమూ. సాయంత్రం పూట, నీడలో చేయండి. ఎండలో ఎరుపు సరిగ్గా కనపడదు, చల్లగానే ఉందనుకుంటూ ఎక్కువ కాల్చేస్తాం. మొన నుంచి బొటనవేలంత పొడవు కాలిస్తే చాలు. ముందు మసక ఎరుపు, తర్వాత నిండు ఎరుపు వస్తుంది. అప్పుడు తీగ కొసకు కట్టిన అయస్కాంతాన్ని మొన దగ్గరికి తీసుకెళ్లండి. ఇంకా లాగుతుంటే వేడి చాలనట్టు. మళ్లీ కాల్చి మళ్లీ చూడండి. ఒక చోట హఠాత్తుగా, అక్కడ ఇనుమే లేనట్టు, అయస్కాంతం కదలకుండా వేలాడుతుంది.

స్వచ్ఛమైన ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది. ఆ మార్పును పియరీ క్యూరీ 1895లో వివరంగా కొలిచి చెప్పాడు. మన ఆకురాయి ఉక్కులో కర్బనం ఎక్కువ కాబట్టి ఇంకా ముందే, 727 డిగ్రీలు దాటగానే, లోపలి ఇనుము పరమాణువుల అమరికే మారిపోతుంది. ఆ కొత్త అమరికకు అయస్కాంతం అంటదు. ఇంకో విశేషం, ఆ అమరికలో పరమాణువుల మధ్య ఖాళీలు కాస్త పెద్దవి, కర్బనం వాటిలో దూరి కూర్చుంటుంది. అయస్కాంతం వేలాడిందంటే కర్బనం లోపలికి చేరుకుంటోందని అర్థం. ఇంకొంచెం, ఒక్క ఛాయ పైకి కాల్చి, కాసేపు అక్కడే నిలిపి, నూనెలో ముంచాలి.

ముంచితే ఏమవుతుంది? అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు చూడండి. తలుపులు తీరిగ్గా తెరిచుంటే దిగాల్సినవాళ్లు దిగి ఎవరి ప్లాట్‌ఫామ్‌కు వాళ్లు వెళ్తారు. దిగేలోపే తలుపులు మూసుకుంటే ఎక్కడివాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. బూడిదలో నిదానంగా చల్లార్చినప్పుడు కర్బనం ఖాళీల్లోంచి బయటికొచ్చి, వేరే పొరలుగా సర్దుకుంది, ఉక్కు మెత్తబడింది. నూనెలో ముంచినప్పుడు బయటికొచ్చే వ్యవధి లేదు. ఇనుము పాత అమరికకు తిరిగి వెళ్లబోతుంది, మధ్యలో కర్బనం అడ్డుపడుతుంది, అమరిక ఒకవైపుకి సాగి బిగుసుకుపోతుంది. పరమాణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జరగలేవు. జరగలేకపోవడమే గట్టితనం. ఈ బిగుసుకున్న రూపాన్ని జర్మనీకి చెందిన అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద మార్టెన్సైట్ అంటారు.

వంటనూనె ఏదైనా సరే, నేను వేరుశెనగ నూనే వాడతాను. కొంచెం గోరువెచ్చగా ఉంటే పలచబడి ముక్క చుట్టూ బాగా కదులుతుంది. నీళ్లు ఇంకా వేగంగా వేడిని లాగేస్తాయి గానీ, సన్నని మొన ఆ కుదుపుకి చిట్లొచ్చు. ఇనుప డబ్బాలో పోసుకోండి, ప్లాస్టిక్ వద్దు. డబ్బాకు సరిపోయే ఇనుప మూత పక్కనే ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేసేయాలి, నీళ్లు పోయకూడదు. ముక్కను నిలువుగా దింపి, లోపలే కిందికీ పైకీ కదపండి. కదపకపోతే ముక్క చుట్టూ ఆవిరి పొర పట్టి చల్లదనాన్ని ఆపేస్తుంది. బయటికి తీశాక మొన మీద పాత ఆకురాయి ఒకసారి రాసి చూడండి. గాజు మీద రాసినట్టు జారిపోతే పని అయినట్టే.

ఇప్పుడా మొన చాలా గట్టిది, కానీ నేల మీద పడితే విరిగే స్థితి. ఇలాగే సుత్తితో కొడితే పెళ్లలు ఎగురుతాయి. ఆలస్యం చేయకుండా కొంచెం వేడిచేసి ఆ బిగువు సడలించాలి, దాన్నే టెంపరింగ్ అంటారు. నాకు ఈ పనంతటిలోనూ ఇష్టమైనది ఇదే. నూనె కడిగేసి, ఎమెరీ కాగితంతో మొననూ ఆ పైభాగాన్నీ మెరిసేలా రుద్దండి. వేలిముద్ర కూడా ఉండకూడదు. తర్వాత మొనకు దూరంగా, మధ్యభాగం దగ్గర టార్చ్ మంట సన్నగా చూపించండి. మంట తీస్తూ పెడుతూ, ఓపిగ్గా. తెల్లగా మెరిసే ఉక్కు మీద ముందు లేత గడ్డిరంగు పుడుతుంది. అది మొన వైపు జరుగుతుంటే దాని వెనకే ముదురు గడ్డిరంగు, ఆ వెనక గోధుమరంగు, ఊదా, చివర నీలం, ఒకదాన్నొకటి తరుముతూ కదులుతాయి. మా మనవరాలు మొదటిసారి చూసినప్పుడు "తాతయ్యా, ఇది పెయింటా, రుద్దితే పోతుందా?" అని అడిగింది. ఎమెరీతో రుద్దితే పోతుంది, కానీ పెయింటు కాదు, అసలు రంగే కాదు.

వేడికి ఉక్కు పైన ఆక్సైడ్ పొర పడుతుంది. ఎంత పలచనంటే, మిల్లీమీటరును లక్ష భాగాలు చేస్తే అందులో ఐదారు భాగాలంత. వెలుతురు కొంత ఈ పొర పైన, కొంత పొర కిందున్న ఉక్కు మీద పడి వెనక్కి వస్తుంది. ఆ రెండు అలలు కలిసేచోట కొన్ని రంగులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పొర పలచగా ఉన్నప్పుడు నీలం పోయి పసుపు మిగులుతుంది, పొర మందమైతే ఎరుపు వైపు రంగులు పోయి నీలం మిగులుతుంది. వానరోజున పంజగుట్ట చౌరస్తా దగ్గర తడి తారురోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులు పరుచుకోవడానికీ కారణం ఇదే. పొర మందం వేడిని బట్టి ఉంటుంది కాబట్టి రంగే మనకు థర్మామీటర్. లేత గడ్డిరంగు సుమారు 220 నుంచి 230 డిగ్రీలు, ముదురు గడ్డిరంగు 240, గోధుమరంగు 255, ఊదా 275 నుంచి 280, నీలం 300. ఒక జాగ్రత్త చెప్పాలి. పొర వేడితోనే కాక సమయంతోనూ పెరుగుతుంది. తక్కువ వేడిలో చాలాసేపు ఉంచినా రంగు ముదురుతుంది. అందుకే రంగు నడిచే వేగం కూడా గమనించుకోవాలి.

గీతలు గీసే సూదికి, లేత్ టూల్‌కు లేత గడ్డిరంగు చాలు, గట్టితనం ముఖ్యం. దెబ్బలు తినే పంచ్ మొనకు గోధుమరంగు దాటి ఊదా తొంగిచూసేదాకా రావాలి. ఉలికి ఊదా, స్క్రూడ్రైవర్‌కూ స్ప్రింగ్‌కూ నీలం. మొన మీదికి కావలసిన రంగు చేరిన క్షణంలో నీళ్లలో ముంచితే అక్కడితో ఆగిపోతుంది. ఆ సమయానికి మొన వెనక భాగం నీలానికి వచ్చి ఇంకా సాగేగుణంతో ఉంటుంది. సుత్తి దెబ్బ పడే పైకొసను అసలు గట్టిపరచనే లేదు. అది అలాగే ఉండాలి. గట్టి సుత్తితో గట్టి కొసను కొడితే పెచ్చు లేచి కంట్లో పడుతుంది. ఒకే ఉక్కు కడ్డీలో మూడు గుణాలు, మూడూ మంట చూపించిన తీరు వల్ల వచ్చినవే.

టార్చ్‌తో రంగులు పరుగెత్తించడం భయంగా ఉంటే ఇంట్లో ఓటీజీ ఉంటుంది కదా. సబ్బుతో బాగా కడిగిన ముక్కను 230 దగ్గర గంటసేపు ఉంచినా పర్వాలేదు, ముక్క మొత్తం ఒకేలా సడలుతుంది. మొన వెనక భాగాన్ని తర్వాత వేరుగా నీలం దాకా కాల్చుకోవచ్చు, అప్పుడు మొనను తడిగుడ్డలో ఉంచాలి.

పంచ్ చేతికొచ్చాక పని పెట్టాలి కదా. బాల్కనీలో మొక్కల స్టాండు చేద్దామనుకుంటే, దేనితో చేయాలని ముందు ఆలోచించండి. ఉక్కు ఘన సెంటీమీటరు సుమారు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7. ఎత్తి జరపాల్సిన వస్తువైతే అల్యూమినియం యాంగిల్ మేలు. తేలిక అనేది ఎంత పెద్ద సంగతో మన పంజగుట్ట నిమ్స్‌లోనే ఒకసారి రుజువైంది. డీఆర్‌డీవోలో క్షిపణుల పనిలో ఉన్న అబ్దుల్ కలాం దగ్గరికి నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు వచ్చి, అక్కడి తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయన్ను తన వార్డుకు తీసుకెళ్లారు. పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. కలాం తర్వాత ఎన్నో సభల్లో ఆ పిల్లల పరుగు గురించే చెప్పేవారు. ఉక్కును ఇంతగా ప్రేమించే నాకు కూడా, ఉక్కును పక్కన పెట్టాల్సిన చోటు ఒకటుంటుందని ఆ సంగతి గుర్తుచేస్తుంది.

గుంట కొట్టి, రంధ్రం వేసి, మర తీయాలనుకుంటే ఒక చిన్న లెక్క. ఎం6 బోల్టుకు మర మెలికల మధ్య దూరం 1 మిల్లీమీటరు. 6 లోంచి 1 తీసేస్తే 5, కాబట్టి 5 మిల్లీమీటర్ల బిట్. ఎం8కి మెలిక 1.25, మిగిలింది 6.75, బజార్లో దొరికేది 6.8. మర తీసే ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోవాలి, వెనక్కి తిప్పినప్పుడు పొడి తెగుతుంది. ట్యాప్ కూడా గట్టిపరిచిన ఉక్కే, వంపు ఓర్చుకోదు, పుటుక్కున విరుగుతుంది.

హాస్టల్ గదుల్లో ఉండే పిల్లలు మాకు బాల్కనీ ఎక్కడిది తాతా అంటారు. అమీర్‌పేటలో నీలం లైను రైలెక్కితే రాయదుర్గం దాకా దిగక్కర్లేదు. అక్కడ 2023 మార్చి 2న తెరిచిన టీ-వర్క్స్ ఉంది, 78 వేల చదరపు అడుగుల్లో, నమూనాలు చేసుకునేవాళ్ల కోసం కట్టింది. ఒకసారి వెళ్లి చూసి రండి.

పంచ్ వాడుతూ పోతే మొన ఏదో ఒక రోజు పాడవుతుంది. మొద్దుబారి పక్కలకు వంగితే టెంపరింగ్ ఎక్కువైంది, పెచ్చు లేస్తే తక్కువైంది. వంగిన మొనను మళ్లీ మొదటి నుంచీ ఎరుపుకు కాల్చి ముంచాలి. పెచ్చు లేచినదానికి అంత అక్కర్లేదు, మొన సరిచేసి రంగు ఇంకో మెట్టు ముందుకు నడిపిస్తే చాలు. సానపట్టేటప్పుడు మొన మీద నీలం పొడసూపిందంటే గ్రైండర్ వేడికే దాని గట్టితనం పోయినట్టు, కాబట్టి పక్కనే నీళ్ల గ్లాసు పెట్టుకుని మాటిమాటికీ ముంచుతుండండి. ఎరుపుకు కాల్చిన ప్రతిసారీ పైపొరలో కర్బనం కొంచెం గాలిలో కాలిపోతుంది. అందుకే కాల్చి ముంచాక మొన పైన గోరు మందంలో సగమంత పొర సానతో తీసేసి, అప్పుడు ఆకురాయి జారుతుందో లేదో చూడండి.